లిండావ్ దీవి, అద్దె సైకిల్, ఇద్దరికీ కలిపి 120 యూరోలు: సరిపోతాయా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. నువ్వూ నీ రూమ్మేటూ మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నారు. జూన్‌లో ఒక శని, ఆదివారాలు జర్మనీ దక్షిణ కొసన బోడెన్‌సే సరస్సులో ఉన్న లిండావ్ వెళ్లి దీవంతా సైకిల్ మీద తిరగాలని మీ కోరిక. డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతటా రీజనల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్, ఇద్దరికీ ఉంది. అది కాక ఇద్దరికీ కలిపి 120 యూరోలు దాటకూడదు. పదో తరగతి తర్వాత సైకిల్ ముట్టలేదన్నావు. గది దీవిలోనే తీసుకోవాలా, సైకిల్ ఎక్కడ దొరుకుతుంది, తిండికి ఏం చేయాలి అని అడిగావు.

నేను పదకొండేళ్లుగా ఉల్మ్‌లో ఉంటున్నాను. లిండావ్‌కు ఒక్కడినే వెళ్లాను, పెళ్లయ్యాక ఇద్దరం వెళ్లాం, అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లనూ తీసుకెళ్లాను. చేతిలో డబ్బు లేని రోజుల్లో వెళ్లిన ప్రయాణాలే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అందుకే నీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట సరిచేయాలి. దీవి మీద సైకిల్ అవసరం లేదు. ఆ దీవి మొత్తం 0.68 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో దాదాపు 170 ఎకరాలు. మాది కోనసీమ. మా వైపు చిన్న లంక ఒకటి ఇంతే ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకు తీరిగ్గా నడిచినా అరగంట పట్టదు. పైగా పాత ఊరి నడుమ ఉన్న మాక్సిమిలియన్ వీధి నడిచేవాళ్లది. శనివారం మధ్యాహ్నం అక్కడ సైకిల్ తోసుకుంటూ వెళ్లడమే కష్టం, ఎక్కి తొక్కడం మాట అటుంచు. సైకిల్ పనికొచ్చేది దీవి దాటాక, సరస్సు ఒడ్డున. అక్కడ అది లేకపోతే మీరు చూడాల్సినదాంట్లో సగం చూడరు. కాబట్టి దీవిని నడిచి చూడండి, సైకిల్ ఒక్క రోజుకే తీసుకుని తీరం మీద తొక్కండి. ఇలా చేస్తే అద్దె కూడా సగం మిగులుతుంది.

ఇక ప్రయాణం. మ్యూనిక్ నుంచి మెమ్మింగెన్ మీదుగా ఒక దారి, కెంప్టెన్ మీదుగా ఇంకో దారి ఉన్నాయి. రీజనల్ రైలులో ఏ దారిన వెళ్లినా సుమారు రెండున్నర నుంచి మూడు గంటలు. కెంప్టెన్ దారి కొండలు, పచ్చిక, ఆవుల మధ్యగా పోతుంది, వెళ్లేటప్పుడు అది ఎక్కండి. జ్యూరిక్ వెళ్లే యూరోసిటీ అనే దూరప్రయాణ రైలు కూడా లిండావ్‌లో ఆగుతుంది కానీ మీ టికెట్ దానిలో చెల్లదు. తొందరలో ప్లాట్‌ఫాం మీద కనిపించిన మొదటి రైలు ఎక్కేయకండి. ఊరికి రెండు ప్రధాన స్టేషన్లు: ప్రధాన భూభాగం మీద రాయిటిన్, దీవి మీద ఇన్‌జెల్. యూరోసిటీ రాయిటిన్‌లో ఆగుతుంది. రీజనల్ రైళ్లు చాలావరకు దీవి దాకా వస్తాయి. ఆ చివరి నిమిషంలో రైలు నీళ్ల మధ్య కట్ట మీద నడుస్తుంది, రెండు పక్కలా సరస్సే. 1850లలో రైలు కోసం పోసిన కట్ట అది. మా ఊళ్లో ఏరు దాటాలంటే పంటు కోసం గట్టున కూర్చునేవాళ్లం. మొదటిసారి ఆ కట్ట మీద రైల్లో వెళ్తుంటే నాకు గోదావరి గుర్తొచ్చి లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ కట్ట పక్కనే నడకకూ సైకిళ్లకూ దారి ఉంది. తర్వాత మీరు తొక్కబోయేది దాని మీదే.

రాత్రి ఎక్కడ ఉండాలి అన్నది నీ లెక్కలో పెద్ద ముడి. జూన్ శనివారం రాత్రికి దీవి మీద గది మీ 120 యూరోల్లో దొరికిందని నేను ఇంతవరకు వినలేదు. జూన్ చివర, జూలై మొదట్లో అయితే నోబెల్ గ్రహీతలు యువ శాస్త్రవేత్తలను కలిసే సమావేశం ఇక్కడే జరుగుతుంది. 1951లో మొదలైన సమావేశం అది. ఆ వారంలో గదుల ధరలు చూడటం కూడా దండగ. జూలై, ఆగస్టుల్లో పక్కనే ఆస్ట్రియాలోని బ్రెగెంట్స్‌లో సరస్సు మీద కట్టిన రంగస్థలంపై సంగీతోత్సవం ఉంటుంది, అప్పుడూ అదే పరిస్థితి. మీకు రెండు దారులున్నాయి. ఒకటి, దీవి బయట రాయిటిన్ వైపున్న యూత్ హాస్టల్, లేదా ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గర్లో జెఖ్ దగ్గరున్న క్యాంపింగ్. టెంట్ ఎవరిదైనా అరువు దొరికితే క్యాంపింగే చవక. దీనికి ఇప్పుడే బుక్ చేయాలి, వెళ్లే వారం కాదు.

రెండోది నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చేసింది. రాత్రి ఉండటం మానేసి రెండు వేర్వేరు శనివారాలు వెళ్లిరావడం. రైలుకు నెలంతటికీ డబ్బు ముందే కట్టేశారు కదా. డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63 అయింది. అది జేబులో ఉన్నప్పుడు మ్యూనిక్ నుంచి లిండావ్‌కు ఎన్నిసార్లు వెళ్లినా పైసా అదనం లేదు. మీకు నిజంగా ఖర్చయ్యేది ఆ ఒక్క రాత్రికే. ఒక శనివారం సైకిల్, ఇంకో శనివారం దీవి. జూన్‌లో తొమ్మిది దాటాక గానీ పొద్దు గుంకదు, ఉదయం ఆరున్నర రైలు పట్టుకుంటే మీకు రోజంతా ఉంటుంది. చివరి రైలు ఎప్పుడో మాత్రం వెళ్లకముందే చూసి రాసుకోండి. మధ్యలో మారాల్సిన రైలు తప్పిపోతే చిన్న స్టేషన్‌లో రాత్రంతా బల్ల మీద కూర్చోవాలి. అలా ఒకసారి నేను కూర్చున్నాను, అక్టోబర్ చలిలో. ఆ రాత్రి మీకు వద్దు.

అయినా నన్నడిగితే, ఒక్కసారైనా ఒక రాత్రి ఉండి చూడాల్సిన ఊరు. సాయంత్రం ఆరు దాటాక పగటి జనం రైళ్లెక్కి వెళ్లిపోతారు. అప్పుడు ఊరు ఊరివాళ్లకు మిగులుతుంది. టెంట్ దొరికితే ఉండండి. దొరక్కపోతే రెండు శనివారాలు.

ఇప్పుడు సైకిల్. స్టేషన్ పరిసరాల్లోనూ, వంతెన దాటాక ప్రధాన భూభాగం మీదా అద్దె దుకాణాలున్నాయి. మామూలు సైకిల్‌కు రోజుకు 15 నుంచి 20 యూరోలు అనుకో. ఎలక్ట్రిక్ సైకిల్ దానికి దాదాపు రెట్టింపు, మీకు అక్కర్లేదు, దారి దాదాపు చదునుగానే ఉంటుంది. మ్యూనిక్ నుంచి సైకిల్ తీసుకెళ్లాలంటే డాయిచ్‌లాండ్ టికెట్‌లో సైకిల్ కలిసి రాదు, దానికి వేరే టికెట్ కొనాలి. ఎండకాలం శనివారాల్లో సైకిళ్ల పెట్టె నిండిపోతే ఎక్కనివ్వరు కూడా. మడతపెట్టే సైకిల్ అయితే మడిచి సామానులా పెట్టుకోవచ్చు, దానికి టికెట్ లేదు. ఇద్దరికీ అద్దె తీసుకోవడమే నయం.

సైకిల్ తీసుకునేటప్పుడు ఒక్క విషయం అడగండి: దీనికి వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉందా? ఇక్కడి చాలా సిటీ సైకిళ్లకు ఉంటుంది. మన సైకిళ్లకు పెడల్ వెనక్కి తిప్పితే ఊరికే గిర్రున తిరుగుతుంది. ఇక్కడ వెనక్కి తొక్కగానే వెనక చక్రం బిగుసుకుంటుంది. నాకు ఎవరూ చెప్పలేదు. నేను మొదటిసారి వాసర్‌బుర్గ్ దారిలో చిన్న దిగువలో కాలు సర్దుకుందామని పెడల్ వెనక్కి తిప్పాను, సైకిల్ ఒక్కసారిగా ఆగిపోయింది, పక్కకు పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది. వెనకాల ఒక పెద్దావిడ పిల్లల బండి లాక్కుంటూ వస్తోంది, ఆవిడ నిదానంగా వస్తోంది కాబట్టి సరిపోయింది. దుకాణం ముందే పది నిమిషాలు అటూ ఇటూ తొక్కి చూసుకో. ఆగడం, మలుపు తిరగడం, ఒక చేయి వదిలి పట్టు తప్పకుండా ఉండటం, ఈ మూడూ వస్తే చాలు. మలుపు తిరిగే ముందు చెయ్యి చాపి చూపించాలి కాబట్టి మూడోది తప్పనిసరి. సీటు ఎత్తు కూడా అక్కడే సరిచేయించుకో. ఇక్కడి వాళ్ల ఎత్తుకు పెట్టిన సీటు మీద మనం మునివేళ్లతో తొక్కితే సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి.

మనవాళ్లకు అసలు ఇబ్బంది బ్రేకు కన్నా ఇక్కడ కుడి పక్కన తొక్కాల్సి రావడం. మామూలుగా తొక్కేటప్పుడు గుర్తుంటుంది. ఎడమకు తిరిగాక మాత్రం, అలవాటు కొద్దీ, తెలియకుండానే ఎడమ అంచుకు వెళ్లిపోతాం. తిరిగిన ప్రతిసారీ లోపల ఒకసారి అనుకో: కుడి, కుడి. సిగ్నలూ బోర్డూ లేని చిన్న కూడళ్లలో కుడి పక్క నుంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి. ఊళ్ల లోపలి వీధుల్లో ఇది అడుగడుగునా వస్తుంది. చేతిలో ఫోన్ పట్టుకుని తొక్కితే 55 యూరోలు, ఎర్ర లైటు దాటితే 60 యూరోలతో పాటు ట్రాఫిక్ తప్పుల రికార్డులో ఒక పాయింట్. మీ బడ్జెట్‌లో సగం ఒక్క క్షణంలో పోతుంది. మ్యాప్ చూడాలంటే ఆగి పక్కకు దిగి చూడండి. హెల్మెట్ చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. నువ్వు ఇన్నేళ్ల తర్వాత తొక్కుతున్నావు, దుకాణంలో అడిగి పెట్టుకో.

దారి విషయానికి వస్తే, సరస్సు చుట్టూ ఉన్న సైకిల్ బాట సుమారు 260 కిలోమీటర్లు, జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా తిరుగుతుంది. మీరు దానిలో చిన్న ముక్క తొక్కుతారు. తూర్పుకు వెళ్తే పది కిలోమీటర్లలో ఆస్ట్రియాలోని బ్రెగెంట్స్, పడమరకు వెళ్తే వాసర్‌బుర్గ్, నోనెన్‌హార్న్, క్రెస్‌బ్రాన్, లాంగెన్‌ఆర్గెన్. అందరూ బ్రెగెంట్స్ అంటారు. నేను మీకు పడమరే చెబుతాను. బ్రెగెంట్స్ వైపు శని, ఆదివారాల్లో బాట మీద జనం ఎక్కువ, వేగంగా పోయే రేసు సైకిళ్ల వాళ్లు గంట కొట్టుకుంటూ దాటిపోతుంటారు. ఇన్నేళ్ల తర్వాత తొక్కే మనిషికి టెన్షన్. పైగా సరిహద్దు దాటితే పాస్‌పోర్టూ రెసిడెన్స్ కార్డూ రెండూ ఒంటి మీద ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు తనిఖీ ఉండొచ్చు, ఫోన్‌లో ఫోటో చూపిస్తే కుదరదు.

పడమర దారి గురించి ఒక నిజం ముందే చెప్పాలి. మొత్తం దారి నీళ్ల ఒడ్డునే ఉంటుందనుకోవద్దు. ఒడ్డంతా పాత విల్లాలు, ప్రైవేటు స్థలాలు. బాట చాలాచోట్ల లోపలికి వచ్చి ఆపిల్ తోటల మధ్య పోతుంది. నాకు అదే ఇష్టం. జూన్‌లో కాయలు గోలీకాయల్లా పచ్చగా ఉంటాయి. సెప్టెంబర్‌లో అయితే కొమ్మలు వంగి ఉంటాయి, తోట గుమ్మం దగ్గర బల్ల మీద పళ్ల సంచులు పెట్టి పక్కన డబ్బుల పెట్టె ఉంచుతారు, మనిషి ఉండడు. చిల్లర దగ్గర ఉంచుకోండి, అక్కడ కార్డు చెల్లదు. చెట్ల మీది కాయ మాత్రం కోయకండి, అది రైతు పంట.

కట్ట దాటి ముందు బాట్ షాఖెన్ వైపు తిరిగితే లిండెన్‌హోఫ్ పార్కు వస్తుంది. పెద్ద చెట్లు, ఒడ్డు దాకా గడ్డి, లోపలికి వెళ్లడానికి డబ్బు అక్కర్లేదు. అక్కడ ఒక అరగంట కూర్చోండి. ఎదురుగా నీళ్లకు ఆవల స్విట్జర్లాండ్ కొండలు, ఆకాశం బాగుంటే 2,502 మీటర్ల సెంటిస్ శిఖరం కనిపిస్తుంది. అక్కడి నుంచి వాసర్‌బుర్గ్ దగ్గరే. అదీ ఒకప్పుడు దీవే, 18వ శతాబ్దంలో కట్ట పోసి ఒడ్డుకు కలిపారు. కొస మీద ఉల్లిగడ్డ ఆకారం గోపురంతో సెయింట్ జార్జ్ చర్చి ఉంది, దాని పక్క గోడ మీద కూర్చుంటే కాళ్ల కింద నీళ్లు. మేం తెచ్చుకున్న చపాతీలు ఎప్పుడూ అక్కడే తింటాం. నోనెన్‌హార్న్‌లో ద్రాక్ష పిండే పాత చెక్క గానుగ ఉంది, 1591 నాటిది, చూడటానికి పది నిమిషాలు చాలు. ఓపిక ఉంటే క్రెస్‌బ్రాన్ దాటి ఆర్గెన్ నది మీద ఇనుప తాళ్ల వేలాడే వంతెన దాకా వెళ్లండి. 1897లో కట్టింది, రాతి గోపురాలు రెండు పక్కలా కోటగుమ్మంలా ఉంటాయి. లిండావ్ నుంచి అక్కడికి సుమారు 14 కిలోమీటర్లు. వెళ్లి రావడం 28. ఆగుతూ ఆగుతూ వెళ్తే అయిదారు గంటలు. మొదటిరోజు అంతకు మించి వద్దు. మధ్యలో కాళ్లు పట్టేస్తే కంగారు పడక్కర్లేదు, ఈ ఊళ్లన్నిటిలో రైలు ఆగుతుంది, సైకిల్‌కు టికెట్ కావాలో వద్దో మెషీన్ దగ్గర చూసుకుని ఎక్కేయండి.

ఒడ్డున అక్కడక్కడా స్తంభాల మీద నారింజ రంగు లైట్లు కనిపిస్తాయి. నిమిషానికి 40 సార్లు మిణుకుమంటే గట్టి గాలి రావచ్చని, 90 సార్లు అయితే తుఫాను హెచ్చరిక. ఎండకాలం మధ్యాహ్నాల్లో ఈ సరస్సు మీద వాన ఎంత త్వరగా వస్తుందో నీళ్లను చూస్తే తెలియదు. అద్దంలా ఉన్న నీళ్లు అరగంటలో తిరగబడతాయి. ఆ లైట్లు వేగంగా వెలుగుతుంటే ఈత నుంచి బయటికి వచ్చేయండి, చెట్ల కింద నిలబడకండి, దగ్గర్లోని స్టేషన్‌కు చేరండి. ఈ సరస్సు 250 మీటర్ల పైచిలుకు లోతు. గోదావరిలో ఈదినవాడిని కూడా నేను ఒడ్డు దగ్గరే ఈదమంటాను.

తిండి. శనివారం సాయంత్రం సూపర్‌మార్కెట్ మూసేలోపు ఆదివారానికి కావాల్సినవన్నీ కొనేయండి. ఆదివారం కొట్లు ఉండవు. ఉండేవి హోటళ్లు, ఐస్‌క్రీం, కొన్ని బేకరీలు ఉదయం పూట. నేను మొదటి ఏడాది ఇది మర్చిపోయి ఆదివారం మధ్యాహ్నం రేవు పక్కన హోటల్లో సూప్‌కు ఇచ్చిన డబ్బుతో వారం కూరగాయలు వచ్చేవి. ఇంటి నుంచి పులిహోర చేసుకెళ్లండి, మొదటిరోజుకు నిలుస్తుంది, ఎండలో పెట్టకండి. నీళ్ల సీసాలు కొనొద్దు, కుళాయి నీళ్లు పట్టుకోండి. సుమారు 40 లక్షల మంది తాగేది ఈ సరస్సు నీళ్లే. బేకరీలో సేలె అని పొడుగాటి రొట్టె అడగండి, పైన ఉప్పు, షాజీరా చల్లి ఉంటుంది, ఈ ప్రాంతానిది. ఒక్క పూట హోటల్లో తినాలనిపిస్తే కేజ్‌స్పెట్స్‌లె తీసుకో, చీజ్‌తో కలిపిన గోధుమ నూడుల్స్ మీద వేయించిన ఉల్లిపాయలు. శాకాహారమే, కడుపు నిండుతుంది.

మాకు చేపంటే ప్రాణం కాబట్టి నువ్వూ అడుగుతావేమో. సరస్సు చేప ఫెల్షెన్ తినాలని చాలామంది వస్తారు. ఆ చేప సంఖ్య బాగా పడిపోయింది కాబట్టి 2024 మొదలు మూడేళ్లపాటు దాన్ని పట్టకూడదని నిషేధం పెట్టారు. మెనూలో ఆ పేరు కనిపిస్తే అది ఎక్కడిదో అడుగు. బయటి నుంచి తెచ్చిన చేపకు సరస్సు ధర ఇవ్వకు. ఆ డబ్బు మ్యూనిక్ వెళ్లాక ఇంట్లో పులుసుకు పెట్టు.

మిగిలింది దీవి నడక. దీన్ని సాయంత్రం ఏడుకు మొదలుపెట్టండి. రేవు మూతి దగ్గర ఒక పక్క రాతి సింహం, ఇంకో పక్క లైట్‌హౌస్, రెండూ 1856 నాటివి. సింహం బవేరియా గుర్తు. అంతకుముందు లిండావ్ చాలా శతాబ్దాలు ఏ రాజుకూ లోబడని స్వతంత్ర నగరం, పవిత్ర రోమన్ చక్రవర్తికి మాత్రమే జవాబుదారీ. బవేరియాలో కలిసింది 1805లో. అందుకే రేవులోనే లోపలివైపు మంగ్‌టుర్మ్ అనే పాత దీపస్తంభం కూడా చూడండి, రంగు పెంకుల కప్పుది. ఆ సింహానికి కొన్ని వందల ఏళ్ల ముందే అక్కడుంది. పాత టౌన్‌హాల్ 1420, 30లలో కట్టింది, గోడల నిండా బొమ్మలు. 1496లో సామ్రాజ్య సభ దీంట్లోనే కూర్చుంది. మార్కెట్ మైదానంలో ప్రొటెస్టెంట్, క్యాథలిక్ చర్చిలు రెండూ భుజాలు రాసుకున్నట్టు పక్కపక్కనే ఉంటాయి.

వీటన్నిటికన్నా నేను మళ్లీ మళ్లీ వెళ్లేది పీటర్స్ చర్చికి. వాయవ్యంలో దొంగల బురుజు పక్కన చిన్న రాతి కట్టడం. లోపల గోడ మీద చిత్రకారుడు హాన్స్ హోల్‌బైన్ (అదే పేరున్న కొడుకు కాదు, తండ్రి) వేసిన క్రీస్తు చివరి రోజుల చిత్రాలున్నాయి, 15వ శతాబ్దం నాటివి. కొన్ని చోట్ల వెలిసిపోయాయి. యుద్ధంలో చనిపోయిన ఊరివాళ్ల స్మారకం కూడా అదే. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. పగలు తెరిచి ఉంటుంది కాబట్టి దీన్ని ఆదివారం ఉదయానికి ఉంచుకోండి.

పొద్దు గుంకే వేళకు దీవి పడమటి కొసకు చేరండి. ఒకప్పుడు రైల్వే యార్డూ కార్ల పార్కింగూ ఉన్న చోటు అది. 2021లో ఉద్యాన ప్రదర్శన పెట్టి ఆ స్థలాన్ని పార్కుగా మార్చారు. ఒడ్డున మెట్ల మీద ఊరి పిల్లలు, ముసలివాళ్లు అందరూ వచ్చి కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక సీసా, ఒక రొట్టె తెచ్చుకుంటారు. మీ పులిహోర డబ్బా తీసి అక్కడే కూర్చోండి.

లెక్క చెబుతాను: రెండు సైకిళ్లకు 40, తిండికి రెండు రోజులకూ కలిపి 35, టాయిలెట్లకూ చిల్లర ఖర్చులకూ 5. మిగిలిన 40లో ఇద్దరికీ టెంటు చోటు దొరికితే రాత్రి ఉండండి, అంతకు మించి అడిగితే రెండు శనివారాలకు మార్చేయండి. వెళ్లే తేదీ ఖాయం అయ్యాక రాయి, ఆ రోజు పట్టాల పనులేమైనా ఉన్నాయేమో, రైళ్లు ఏ దారిన పోతున్నాయో నేనూ చూసి చెబుతాను.